సత్యవేణి కట్టిన టోల్

కారు అద్దెకిచ్చే కౌంటర్ ముందు వదినా మరదళ్లు పోట్లాడుకుంటుంటే, కౌంటర్ వెనక నిలబడ్డ పిల్ల నిజంగానే ఏదో గొడవ జరుగుతోందనుకుని బెదిరిపోయింది. ఆ పిల్ల తప్పేం లేదు. వాల్మెరా దేశంలో ఎవరి కాఫీకి వాళ్లే కట్టుకుని, నవ్వుకుంటూ ఇళ్లకి పోతారు. నేను కడతానంటే నేను కడతానని చేతులు మెలిపెట్టుకోవడం వాళ్లెరగరు.

"వదలండి వదినా, నేను కడతాను."

"నువ్వుండు హైమా. విమానం టిక్కెట్లు నువ్వే కొన్నావు. హోటలూ నువ్వే పెట్టావు. ఈ చలికోటు కూడా నువ్వే కొనిపెట్టావు. తేరగా తిని పోదామని వచ్చానా నేను? ఈ టోలైనా నన్ను కట్టనీ."

"పెద్దవారు, మీకెందుకండీ..."

"పెద్దదాన్ని కాబట్టే."

సత్యవేణి కౌంటర్ మీదున్న వెండిరంగు పట్టీని లాక్కుని తలకి పెట్టేసుకుంది. చూడ్డానికి అది పిల్లలు పెట్టుకునే హెయిర్‌బ్యాండ్‌లా ఉంది. వెనక ముడి సర్దుకుని, ఇప్పుడెవరు తీస్తారో తియ్యండి చూద్దాం అన్నట్టు నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది. కారుకి ఒక్కటే పట్టీ. ఎవరు పెట్టుకుంటే వాళ్లదే టోల్. కౌంటర్ పిల్ల ఊపిరి పీల్చుకుని ఆవిడ పేరు ఎక్కించుకుంది.

హైమవతి ఓడిపోయింది.

అసలు సంగతంతా ఆ ఓడిపోవడంలోనే ఉంది. వాళ్లింట్లో ఇలాంటి పోట్లాటలకి కొన్ని ఎత్తులున్నాయి. చేతులు కడుక్కొస్తానని లేచి హోటల్‌వాడికి చాటుగా కట్టెయ్యడం, ఆటో ఆగకముందే డ్రైవర్ గుప్పిట్లో నోటు కుక్కెయ్యడం, ఏదీ పారకపోతే "నా మీద ఒట్టే" అనెయ్యడం. పాతికేళ్ల కాపురంలో హైమవతి అవన్నీ నేర్చుకుంది. భర్త అక్కగారైన ఈ సత్యవేణి మీదే ఎన్నోసార్లు గెలిచింది. ఆ రోజు మాత్రం ఒక్క ఎత్తూ వెయ్యలేదు. వద్దు వద్దని అనవలసిన గొంతుతోనే అంది. చెయ్యి పట్టుకోవలసినంతసేపే పట్టుకుంది. వదిలెయ్యవలసిన చోట వదిలేసింది.

ఆ దేశంలో కొండల కిందుగా పోయే పెద్ద రహదారికి టోల్ డబ్బుతో కట్టరు. అక్కడ ఏడాదంతా పొగమంచు. కెమెరాలు గుడ్డివైపోతాయి, పైనున్న ఉపగ్రహానికి సొరంగాలు కనపడవు. అందుకని కారు స్టీరింగ్ మీద మనిషి చేతులున్నా, మలుపు ఎంత తిప్పాలో ఎక్కడ నెమ్మదించాలో చెప్పేది రోడ్డే. రోడ్డుకి నేర్పేది మనుషులు. మనిషి తనకి బాగా తెలిసిన దారిని తలుచుకున్నప్పుడు బుర్రలో ఒక మూల కొన్ని కణాలు వరసగా మెరుస్తాయి. పట్టీ పెట్టుకున్నవాళ్లు గేటు కింద నుంచి పోతూ అలాంటి దారి ఒకటి తలుచుకుంటే, గేటు ఆ మెరుపుని చదివి దాచుకుంటుంది. వచ్చేపోయే వాళ్లందరి దారుల నుంచీ దారంటే ఏమిటో రోడ్డు నేర్చుకుంటూ ఉంటుంది. అదే టోల్.

ఈ సంగతులు హైమవతికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ మెరుపుని చదివే పద్ధతి కనిపెట్టింది హైదరాబాద్‌లో ఆవిడ పనిచేసే ప్రయోగశాలే. దాని గురించి వాల్మెరా ఇంజనీర్లకి ఉపన్యాసం ఇవ్వడానికే ఆవిడ వచ్చింది. మంచు చూడాలని ఎప్పటినుంచో అంటున్న ఆడపడుచుని వెంటబెట్టుకొచ్చింది.

చదివితే దారి కాస్త అరుగుతుందని కూడా హైమవతికి తెలుసు. కుర్రవాళ్లకి ఏం కాదు, నాలుగు రాత్రులు నిద్రపోతే పూడిపోతుంది. కానీ చెన్నకేశవులుగారని ఒక రిటైర్డ్ ఉద్యోగి ప్రయోగానికి ఇష్టపడి వచ్చేవారు. ఒకరోజు పని ముగిశాక ఆయన వరండాలో టిఫిన్ సంచీ పట్టుకుని నిలబడి, "అమ్మా, బయటికి ఎటు వెళ్లాలి?" అని అడిగారు. రోజూ వచ్చిపోయే దారే. హైమవతి నవ్వుతూ చూపించింది. తర్వాత వాళ్లింటికి ఫోన్ చేస్తే, నాన్నగారు ఇప్పుడు ఒక్కరూ పార్కుకి వెళ్లడం లేదండీ అంది కూతురు.

"ఒక్క పెద్దాయన్ని చూసి నిర్ణయానికి రాకూడదమ్మా," అన్నాడు ప్రయోగశాల పెద్ద నరసింగరావు. "వయసు. అందరికీ ఉండేదే."

మరో పదిమంది పెద్దవాళ్లని పిలిచి చూద్దామని హైమవతి అంది. తొందరలో ఉన్నాం, తర్వాత చూద్దాం అన్నాడాయన. ఫలానా వయసు దాటినవాళ్లు వద్దన్న మాట లేకుండానే నివేదిక వాల్మెరాకి వెళ్లింది. దాని కింద హైమవతి సంతకమూ ఉంది.

అందుకే కౌంటర్ దగ్గర ఆవిడకి భయం వేసింది. తనకీ యాభై దాటాయి. ఏ వయసు దగ్గర గీత గియ్యాలో ఎవరికీ తెలీదు. టోల్ లేని పాత కొండదారి ఉందని కౌంటర్ పిల్ల చెప్పింది గానీ, అలా వెళితే ఉపన్యాసానికి అందుకోలేరు. సభలో నిలబడి మాట్లాడాల్సిన బుర్ర తనది అనుకుంది. అలా అనుకున్నందుకు వెంటనే సిగ్గుపడింది. అయినా చెయ్యి వదిలేసింది.

మొదటి గేటు వచ్చింది. పొగమంచులో నీలంగా వెలుగుతోంది. పట్టీ సన్నగా గుయ్‌మంది.

"అయిపోయిందా?" అంది సత్యవేణి.

"అయిపోయింది. ఎలా ఉంది వదినా?"

"చీమ కుట్టినట్టు కూడా లేదు. ఇంత సుఖమైన టోల్ మన దేశంలో పెట్టరేం?" అని ఆవిడ నవ్వేసింది. "ఏ దారి కట్టానో తెలుసా? మా తణుకులో పెద్దవీధి నుంచి సూర్యకాంతం పిన్నిగారింటికి. రైసుమిల్లు పక్కసందు, పాలకేంద్రం, అక్కడ ఎడం చేతికి. పిన్నిగారి గేటు దాకా వెళ్లిపోయాననుకో!"

హైమవతి స్టీరింగ్ గట్టిగా పట్టుకుంది. ఆ నిమిషంలో ఒక్క మాట అంటే సరిపోయేది. ఎందుకూ పనికిరాని దారేదైనా తలుచుకోండి వదినా, ఇందాకటి విమానాశ్రయంలో నడిచిన దారి, ఎప్పుడో వెళ్లిన యాత్ర తాలూకు దారి. అలా అంటే ఎందుకని అడుగుతుంది. అడిగితే చెప్పాలి. చెబితే పట్టీ తను పెట్టుకోవాలి.

"ఏదో ఒక దారి చాలు వదినా. అంత మంచిది అక్కర్లేదేమో," అంది.

"అలాగంటావేంటి? పరాయి దేశం. ఇచ్చేదేదో మంచిదే ఇవ్వాలి. చచ్చుపుచ్చు సరుకిచ్చి మనవాళ్ల పరువు తీస్తానా?"

రెండో గేటు దగ్గర సుభద్ర అత్తయ్యగారిల్లు కట్టింది. ఆ తర్వాత గేట్లకి పంతుల గారి వీధి మొత్తం, కూరల మార్కెట్ నుంచి తన ఇంటికి వచ్చే దారీ కట్టింది. ప్రతి గేటు ముందూ కళ్లు మూసుకుని, చెయ్యి ఒళ్లో పెట్టుకుని, ఎంతో శ్రద్ధగా తలుచుకునేది. గేటు దాటాక ఆ ఇల్లు ఎవరిదో, వాళ్ల పెద్దమ్మాయికి ఎక్కడిచ్చారో కబుర్లు చెప్పేది. హైమవతి ఊఁ కొడుతూ కారు నడిపింది. కారు చక్కగా, ఎవరో తెలిసినవాళ్లు చెయ్యి పట్టుకుని తీసుకెళ్తున్నట్టు, మంచులోంచి సాగిపోయింది.

మర్నాడు ఉపన్యాసం బాగా జరిగింది. సత్యవేణి మంచులో చిన్నపిల్లలా ఆడింది. హోటల్లో తన గది కోసం పైకీ కిందకీ తిరుగుతూ ఒకసారి కనిపించింది గానీ, అన్ని తలుపులూ ఒకేలా ఏడిశాయి అని తనే విసుక్కుంది. హైమవతి ఆ మాటనే పట్టుకుని సమాధానపడింది.

ఇంటికొచ్చాక హైమవతి కూతురు లాస్య పెళ్లి పనులు మొదలయ్యాయి. ఆ పిల్లని పెంచింది సగం సత్యవేణే. తల్లి ప్రయోగశాలలో రాత్రింబవళ్లు గడిపిన రోజుల్లో లాస్య తణుకులో అత్త దగ్గరే నడక నేర్చింది, అక్షరాలు దిద్దింది. పెళ్లంటే తణుకు బంధువులందరికీ ఇంటింటికీ వెళ్లి బొట్టుపెట్టి పిలవాలి. కార్డు పంపితే రారు. ఫోన్ చేస్తే అసలే రారు, పైగా పదేళ్లు దెప్పుతారు. ఆ కుటుంబంలో ఎవరి పెళ్లికైనా పిలుపుల పెత్తనం సత్యవేణిదే. మేనత్తగా అది ఆవిడ హక్కు, ఆవిడ సరదా, ఒక్కోసారి అతిశయం కూడా.

కుంకుమ భరిణె ఒళ్లో పెట్టుకుని హైమవతితో ఆటో ఎక్కిన మనిషి, పెద్దవీధి చివర "ఇటు తిప్పు బాబూ" అంది. కాస్త దూరం పోయాక "కాదు, వెనక్కి తిప్పు" అంది. ఆటో ఒక గోడ ముందు ఆగిపోయింది. డ్రైవర్ వెనక్కి తిరిగి చూశాడు.

"ఎవరిల్లు అమ్మా?"

"సూర్యకాంతం పిన్నిగారని..." సత్యవేణి అటూ ఇటూ చూసింది. "పాలకేంద్రం ఉండాలి. ఎత్తేశారా? ఊరంతా మారిపోయింది హైమా."

పాలకేంద్రం ఎత్తెయ్యలేదు. వెనక వదిలేసి వచ్చిన సందులోనే ఉంది. హైమవతి దాన్ని చూసింది కూడా.

సుభద్ర అత్తయ్యగారిల్లు దొరకలేదు. పంతుల గారి వీధిలోకి వెళ్లి, అదే ఆ వీధని తెలియక బయటికి వచ్చేశారు. ఎండ నెత్తికెక్కింది. సత్యవేణి చీరకొంగుతో మొహం తుడుచుకుంటూ, మెల్లగా, డ్రైవర్‌కి వినపడకుండా మాట్లాడింది.

"పిన్నిగారి మోకాళ్ల ఆపరేషన్ ఎప్పుడైందో చెప్పమంటే చెబుతాను. ఆవిడ మజ్జిగలో ఏమేం వేస్తుందో చెబుతాను. ఇంటికి ఎలా వెళ్లాలో మాత్రం తెలియట్లేదమ్మా. మొన్న కూరల మార్కెట్ నుంచి మా ఇంటికి రావడానికి కూడా ఎవరినో అడిగాను. నాకేదో అయిపోతోంది హైమా. మా తమ్ముడికి చెప్పకు, బెంగ పెట్టుకుంటాడు."

ఆవిడ ఒళ్లో భరిణె మూత టకటకమంటోంది. హైమవతి దాన్ని పట్టుకుంది.

"వయసు వదినా," అంది. "అందరికీ ఉండేదే."

అన్నాక ఆ మాట నరసింగరావుదని గుర్తొచ్చింది. ఛీ, ఇంతకన్నా దిగజారడానికి ఇంకేం మిగిలింది అనుకుంది. ఆ పూట పిలుపులు ఆపేసి ఇల్లు చేరారు, డ్రైవరే దారి అడుగుతూ తీసుకొచ్చాడు.

హైదరాబాద్ వెళ్లగానే హైమవతి నరసింగరావు గదిలోకి తోసుకుని వెళ్లింది. వాల్మెరా రోడ్డు నుంచి ఒక మనిషి దారులు వెనక్కి తియ్యాలి, ఎలాగైనా తియ్యాలి అంది. ఎవరివని ఆయన అడగలేదు. అడగకపోవడంలోనే ఆయనకి అర్థమైందని తెలుస్తోంది.

"చెరువులో పోసిన చెంబుడు నీళ్లు అవి. ఏవి ఎవరివని వెతుకుతాం?" అన్నాడు. తర్వాత కాస్త ఆగి, కంప్యూటర్ ఆవిడ వైపు తిప్పాడు. "వాల్మెరా వాళ్లే మనకో ఫిర్యాదు పంపారు. నువ్వూ చూడు."

తెర మీద అదే రహదారి. ఇళ్లూ మనుషులూ లేని ఒట్టి మలుపు. ఒక కారు వచ్చింది, మలుపు దగ్గర నెమ్మదించింది, ఆగబోయినట్టు ఒక్క క్షణం తటపటాయించి, మళ్లీ సాగిపోయింది. వెనకొచ్చిన కారూ అంతే. ఆ వెనకదీ అంతే. నడిపేవాళ్లెవరూ బ్రేకు వెయ్యడం లేదట. రోడ్డే అలా చేయిస్తోందట.

హైమవతి ఆ తటపటాయింపుని గుర్తుపట్టింది. సత్యవేణి ఎవరింటికి వెళ్లినా గేటు ముందు అలాగే ఆగుతుంది. పైట భుజం మీదకి లాక్కుని, మొహం తుడుచుకుని, అప్పుడు "ఏమర్రా, ఉన్నారా?" అని కేకేసి లోపలికి అడుగుపెడుతుంది. ఆ దేశంలో ముక్కూమొహం తెలియని వాళ్లందరూ ఇప్పుడు సూర్యకాంతం పిన్నిగారి గుమ్మం ముందు ఆగి పోతున్నారు. ఆ గుమ్మానికి దారి తెలియనిది సత్యవేణి ఒక్కదానికే.

ఆ మధ్యాహ్నం హైమవతి వాల్మెరా వాళ్లకి తనే ఫోన్ చేసి, చెన్నకేశవులుగారి సంగతితో సహా అంతా చెప్పేసింది. వాళ్లు వెంటనే పెద్దవయసు వాళ్లకి పట్టీ ఇవ్వడం మానేశారు. నరసింగరావు ఆవిడ మొహం చూడ్డం మానేశాడు. దాని వల్ల ఇక ముందు ఎవరికో మేలు జరుగుతుంది. తణుకులో ఉన్న మనిషికి మాత్రం ఒక్క సందు కూడా తిరిగి రాదు. తను ఇద్దామన్నా హైమవతి దగ్గర ఆ ఊరి దారులు లేవు. ఇన్నేళ్లలో ఏ ఇంటికి వెళ్లినా వదిన వెనకే వెళ్లింది.

ఆ శుక్రవారం మళ్లీ తణుకు వెళ్లేసరికి సత్యవేణి వసారాలో చాప వేసుకుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. హైమవతి పక్కన కూర్చుని అంతా చెప్పింది. ఏదీ దాచలేదు, ఏదీ మెత్తబరచలేదు. సత్యవేణి ఈనెలు తియ్యడం ఆపలేదు.

"అంటే నాకు మతి పోవడం లేదన్నమాట," అంది చివరికి.

"లేదు వదినా. మీకేం జబ్బు లేదు."

"అమ్మయ్య," అంది సత్యవేణి. నిజంగానే అంది. రెండు కాయలు ఒలిచాక, తలెత్తకుండానే అడిగింది. "ఆ కౌంటర్ దగ్గర, నేను పట్టీ లాక్కుంటున్నప్పుడే నీకు తెలుసా?"

"తెలుసు."

"మరి వద్దు వద్దన్నావుగా."

"పైకి అన్నాను."

"నువ్వు తొందరగా వదిలేస్తే, పెద్దదాన్ని కదా అని నా మాట నెగ్గనిచ్చావనుకున్నాను. మా మరదలికి నేనంటే ఎంత గౌరవమో అని కారులో కూర్చుని మురిసిపోయాను." ఆవిడ ఇంకో కాయ అందుకుంది. "నేను ఒక్కో ఇంటి పేరూ చెబుతుంటే ఊఁ కొట్టావు. ఆ ఇళ్లు వద్దు వదినా అని ఒక్క మాట అనలేకపోయావా?"

"అంటే మీకు అనుమానం వస్తుందని. నన్ను క్షమించండి వదినా. నాకు భయమేసింది. మర్నాడు ఉపన్యాసం..."

"అది చెప్పొద్దూ!" సత్యవేణి చేతిలో కాయ పళ్లెంలో పడేసింది. "రేపు సభలో మాట్లాడాలి, నా బుర్రకి ఏమైనా అవుతుందేమో, ఈ టోల్ మీరు కట్టండి వదినా అని అడగొద్దూ? అడిగితే కట్టేదాన్ని హైమా. నువ్వు చదువుకున్నదానివి, నీ బుర్ర పాడైపోకూడదని నేనే ఆ పట్టీ పెట్టుకునేదాన్ని. నీకు నేను కాదన్నది ఏదైనా ఉందా ఇన్నేళ్లలో? మా లాస్యని పెంచమంటే పెంచలేదూ?"

హైమవతికి ఏడుపు ముంచుకొచ్చింది. కాళ్ల మీద పడబోతే సత్యవేణి కాళ్లు వెనక్కి తీసుకుంది. కోపంగా కాదు. ఎవరో తెలియనివాళ్లు దణ్ణం పెట్టబోతే తీసుకున్నట్టు తీసుకుంది.

"మిగిలిన పిలుపులు నేను దగ్గరుండి తీసుకెళతాను. మీరు పక్కన కూర్చుంటే చాలు. బొట్టు మీరే పెడుదురుగాని."

"నువ్వే వెళ్లు. అడుక్కుంటూ వెళితే దొరక్కపోవు." సత్యవేణి పళ్లెం తీసుకుని లేచింది. "అన్నీ అయ్యాక ఇటు కూడా రా. మమ్మల్నీ పిలవాలిగా."

పిలిచే మనిషిని పిలవడం ఆ కుటుంబంలో ఎన్నడూ లేదు. హైమవతి ఏదో అనబోయింది. అప్పటికే ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే హైమవతి ఒక్కతే బయల్దేరింది. కనిపించిన ప్రతివాళ్లనీ అడుగుతూ, తప్పిపోతూ, మళ్లీ అడుగుతూ తిరిగింది. ప్రతి గుమ్మంలోనూ ముందు అడిగింది సత్యవేణి ఏదని. ఒంట్లో బాలేదని చెప్పడానికి నోరు రాక, ఇంట్లో ఉన్నారండీ అని మాత్రం చెప్పింది. దగ్గరివాళ్లు చెయ్యి పట్టుకుని లోపలికి లాగి, మా పిల్ల పెళ్లికి మేం రాకపోవడమేమిటి, ముందురోజే దిగిపోతాం అన్నారు. సూర్యకాంతం పిన్నిగారు మజ్జిగ ఇచ్చి మోకాళ్ల సంగతి చెప్పుకుంది. పెద్దగా రాకపోకలు లేనివాళ్లు కార్డు తిప్పి చూసి, వీలు చూసుకుని వస్తామన్నారు.

సాయంత్రానికి హైమవతి సత్యవేణి గుమ్మం ముందుకొచ్చి నిలబడింది. సత్యవేణి భర్త గబగబా లేచి కుర్చీ వేశాడు. లోపల్నుంచి మంచినీళ్ల గ్లాసు పళ్లెంలో పెట్టి తెచ్చాడు. ఆ ఇంట్లో హైమవతికి ఏనాడూ ఎవరూ పళ్లెంలో మంచినీళ్లు ఇవ్వలేదు. దాహమేస్తే తనే కుండలో ముంచుకుని తాగేది.

సత్యవేణి మంచి చీర కట్టుకుని వచ్చింది. నుదురు ముందుకు వంచింది. హైమవతి బొట్టు పెట్టి, పండూ తాంబూలం, పెళ్లి కార్డు చేతికిచ్చింది.

"మా అమ్మాయి లాస్య పెళ్లి వదినా. మీరూ అన్నయ్యగారూ ముందే వచ్చి, దగ్గరుండి జరిపించాలి."

సత్యవేణి కార్డు అటూ ఇటూ తిప్పి చూసింది. మొహంలో కోపమేమీ లేదు. గడప దాకా సాగనంపడానికి వస్తూ, మర్యాదగా నవ్వి చెప్పింది.

"సంతోషమమ్మా. వీలు చూసుకుని వస్తాం."